యాభై ఎంబీల్లో తొమ్మిది సెకన్లు

నేను ఒక ట్రైలర్‌ని. ఇనుముతో పోతపోసిందాన్ని కాదు, చెక్కతో చెక్కిందాన్నీ కాదు. పట్టుకుందామంటే చేతికి దొరకను. అయినా పుట్టిననాడు నా బరువు పద్నాలుగు జీబీలు. ఇప్పుడు నలభై తొమ్మిది ఎంబీలు. మనుషుల్లో ఎవరైనా ఇంతలా చిక్కిపోతే మంచం మీద పడుకోబెట్టి బత్తాయిలు ఒలిచి పెడతారు. నన్ను మాత్రం చూసి, "హమ్మయ్య, సరిపోయింది" అన్నారు.

నా వెనకాల ఒక సినిమా ఉంది. పేరు 'నాలుగో మడి'. నౌపడా దగ్గర ఉప్పు మడుల్లో పనిచేసే వాళ్ల కథ. గంటా ముప్పై నాలుగు నిమిషాలు. ఈ కథ జరిగేనాటికి దాన్ని పూర్తిగా చూసినవాళ్లు పదకొండు మంది. అందులో నలుగురు నటించినవాళ్లే, ఒకాయన మధ్యలో నిద్రపోయాడు. మూడేళ్లు ఎండలో మాడి తీసిన సినిమాను పక్కన పెట్టేసి, ఆశలన్నీ తెచ్చి రెండు నిమిషాల నా నెత్తిన పెట్టారు. కూర ఎలా ఉందో వాసన చూసి చెప్పమన్నట్టు. మనుషుల తెలివి మీద నాకు మొదటి నుంచీ గౌరవం లేకపోవడానికి ఇదొక కారణం. మిగతావి ముందు ముందు మీకే తెలుస్తాయి.

దర్శకుడి పేరు కూర్మనాథ్. టెక్కలిలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేవాడు, సినిమా కోసం మానేశాడు. అందుకే ఇప్పటికీ అందరూ మాస్టారనే అంటారు. నన్ను అతను 'దృశ్యకావ్యం' అనేవాడు. ఆ కావ్యం పుట్టింది మాత్రం టెక్కలి బస్టాండు ఎదురుగా, మేడ మీద, 'శ్రీ నూకాంబికా డిజిటల్స్' అనే పెళ్లి వీడియోల కొట్టులో. నా పక్క ఫోల్డర్‌లో ఓణీల ఫంక్షను, ఇటు పక్కన గృహప్రవేశం. ఓనరు పెళ్లిళ్ల సీజన్లో కెమెరా భుజాన వేసుకుని ఊళ్ల మీద ఉంటాడు. కొట్లో కంప్యూటర్ ముందు కూర్చునేది నీలవేణి.

ఇరవై మూడేళ్ల పిల్ల. ఇంటర్ రెండో ఏడాది పుస్తకాలకు అట్టలు వేసుకుంది గానీ తెరవలేదు. ఆలోపే పెళ్లి చేసేశారు. మొగుడు గుజరాత్ తీరంలో వేట బోటు మీద పనికి వెళ్లాడు, ఏడాదిలో సగం రోజులు ఫోన్లో గొంతు మాత్రమే. పద్నాలుగు నెలల కూతురు, పేరు మోక్షిత. ఫొటోలకు వెనక తెర కట్టే కొక్కేనికి పాత చీరతో ఉయ్యాల వేసి, పిల్లను అందులో పడుకోబెట్టి పని చేసుకుంటుంది. పని అంటే ఒక క్లిక్కు, ఒకసారి లేచి పిల్ల నుదురు ముట్టుకోవడం. ఇంకో క్లిక్కు, ఇంకోసారి నుదురు. ఆ పిల్లకు జ్వరం లేదు. పొద్దున్న లేదు, మధ్యాహ్నం లేదు. అయినా ఒకసారి తుమ్మితే తల్లి గుండె ఆగిపోతుంది. అన్ని వేల పెళ్లి క్లిప్పులు పేరుపేరునా గుర్తుపెట్టుకునే బుర్రకు, చల్లగా ఉన్న నుదురు రెండు నిమిషాల సేపు గుర్తుండదు.

ఈ పిల్లకు నాతో ఒక సొంత పని ఉంది. అది చెప్పకపోతే మీకు నా కథ అర్థం కాదు.

నాలో తొమ్మిది సెకన్ల ముక్క ఒకటి ఉంది. తెల్లవారకముందు, ఉప్పు మడి గట్టు మీద గుడిసెలో, ఒక దీపం వెలుగులో, యాభై దాటిన ఒకావిడ కూర్చుని పగిలిన మడమలకు ఆముదం రాసుకుంటూ ఉంటుంది. చుట్టూ చీకటే. చివర తల ఎత్తి సూటిగా చూస్తుంది. అంతే. ఆవిడ నటి కాదు, నిజంగానే మడుల్లో ఉప్పు లాగే మనిషి. పేరు తవిటమ్మ. నీలవేణి కన్నతల్లి.

ఆ చూపు గురించి కూర్మనాథ్ మాస్టారు చాలా చెప్పేవాడు. తరతరాల ప్రశ్న అన్నాడు, సముద్రమంత మౌనం అన్నాడు. అసలు జరిగింది నాకు తెలుసు, ఎందుకంటే ఆ శబ్దం మొదట నాలోనే ఉండేది. కెమెరా వైపు చూడొద్దని ఆవిడకు ముందే చెప్పారు. పాపం చాలాసేపు చూడలేదు. చివరికి నడుం లాగేసి, తల ఎత్తి, "అయిపోనాదా బాబూ?" అని అడిగింది. మాస్టారు గంతేశాడు. తర్వాత ఆ మాట తీయించేసి, దాని మీద వేణువు వేయించాడు. ఆవిడ ప్రశ్నకు ఈనాటికీ ఎవరూ జవాబు చెప్పలేదు.

సరే, అమ్మ సినిమాలో పడితే కూతురికి సంతోషం ఉంటుంది. కానీ నీలవేణిది అంతటితో పోయే సంతోషం కాదు. ఆ పిల్ల రోజంతా పెళ్లి వీడియోలు కోస్తుంది. కోయించుకునేవాళ్లు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. "అమ్మాయ్, ఆ మూల నిలబడ్డ ఆవిడ ఫ్రేములో పడింది, కోసీ. బొట్టు లేని మనిషి గదా, బాగోదు" అంటారు. చాలాసార్లు ఆ మూల నిలబడ్డావిడ పెళ్లికూతురికో పెళ్లికొడుక్కో కన్నతల్లే. నీలవేణి కోసేస్తుంది. ఎంతమంది తల్లుల్ని కోసిందో లెక్క నా దగ్గర లేదు గానీ, ఆ కంప్యూటర్ చెత్తబుట్టలో నా తెగిన ముక్కల పక్కన కొన్నాళ్లు పడున్నవాళ్లను నేను చూశాను. అందరూ ఒకేలా, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఫ్రేము అంచున.

నీలవేణి పెళ్లి వీడియో రెండు గంటల పది నిమిషాలు. అందులో బ్యాండు మేళం ఉంది, ఐస్‌క్రీం తింటున్న చుట్టాలున్నారు, ఎవరిదో కుక్క కూడా ఉంది. తవిటమ్మ లేదు. నీలవేణికి తొమ్మిదేళ్లప్పుడు తండ్రి పోయాడు. అందుకని కూతురి పెళ్లినాడు ఆవిడ షామియానా వెనక, వంటల దగ్గర నిలబడింది. కాబట్టి తవిటమ్మ కదిలే బొమ్మ అంటూ లోకంలో ఉన్నది ఒక్కటే. అది నా తొమ్మిది సెకన్లు.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. హైదరాబాదులో ఎవరో చిన్న సినిమాలకు పోటీ పెట్టారు. ముందు ట్రైలర్ పంపాలి. పది ట్రైలర్లు ఎంచుకుని, ఆ పది సినిమాలనూ పెద్ద హాల్లో జనానికి చూపిస్తారు. షరతులు మూడు. నిడివి రెండు నిమిషాలు దాటకూడదు. బరువు యాభై ఎంబీలు దాటకూడదు. శనివారం సాయంత్రం ఆరు దాటకూడదు. మాస్టారు అప్పటికే ఎనిమిది చోట్లకు పంపి, ఎనిమిది 'చింతిస్తున్నాము'లు అందుకున్నాడు. ఇదే ఆఖరిది అన్నాడు. ఈసారీ కాకపోతే మళ్లీ బడికి పోయి అక్బరు పాలన చెప్పుకుంటానన్నాడు.

శనివారం పొద్దున్నకల్లా నేను తయారు. ఒక నిమిషం యాభై రెండు సెకన్లు. అందులో పేర్లు పద్నాలుగు సెకన్లు, మిగతా అంతా ఉప్పు, ఎండ, మనుషులు. అందంగా ఉన్నాననే చెప్పుకుంటాను. సిగ్గెందుకు?

మధ్యాహ్నం పన్నెండింటికి నిర్మాత వచ్చాడు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్న లోకనాథం గారు. ఆయన సినిమాకు పెట్టుబడి పెట్టాడు గానీ సినిమా మీద నమ్మకం పెట్టలేదు. పూర్తి సినిమా ఉన్న హార్డ్ డిస్కును ఫ్యాక్టరీ బీరువాలో, జీడిపప్పు శాంపిళ్ల డబ్బాల పక్కన పెట్టి, తాళంచెవి మొలకు కట్టుకుని తిరుగుతాడు. ఆయన ఊ అనకపోతే సినిమా బీరువా దాటదు. ఆ సంగతి తెలిసి మాస్టారు ఆయన ముందు నిలబడేటప్పుడు రెండంగుళాలు పొట్టిగా అవుతాడు.

కొట్లో గోడకు పెద్ద టీవీ ఉంది, పెళ్లివాళ్లకు చూపించడానికి. దాని మీద నన్ను వేశారు. ఆయన చూశాడు.

"ఏటి మాస్టారూ, నా పేరు ఇలా వచ్చి అలా ఎల్లిపోనాది? తుమ్మితే అయిపోద్ది."

"మూడు సెకన్లుందండీ."

"మా నాన్నగారి పేరేదీ? 'ఆశీస్సులతో' అని వెయ్యాల. మా ఆవిడ పేరు 'సమర్పణ'. మా బావమరిది నలుగురు కూలీలను పంపినాడు, ఆడి పేరూ ఉండాల." తర్వాత నీలవేణి వైపు తిరిగాడు. "ఏటమ్మా, మా పాప పెళ్లి వీడియో చేసింది నువ్వేనా? అందులో పేర్ల మీద బంగారం రాలుద్ది చూడు, అది వేసీ. అన్ని పేర్ల మీదా రాలాల. ఇదిగో, ఈ మూల మన ఫ్యాక్టరీ జీడిపిక్క గుర్తు పెట్టి, తిప్పు. మొదట్నించీ చివరిదాకా తిరగాల."

ఉప్పు మడుల సినిమాకు జీడిపిక్క దేనికని ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యమున్నదాన్ని నేనొక్కదాన్నే, నాకు నోరు లేదు.

పేర్లు పద్నాలుగు సెకన్ల నుంచి ముప్పై ఒకటికి పెరిగాయి. రెండు నిమిషాలు దాటకూడదు కాబట్టి తొమ్మిది సెకన్లు ఎక్కడైనా కోయాలి. లోకనాథం గారు వేలు చూపించాడు. "ఆ చీకట్లో ముసల్దాన్ని తీసీండి. ఏటీ జరగదు అందులో."

నీలవేణి చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. ఆయన వైపు తల తిప్పలేదు. ఉయ్యాల వైపు మాత్రం చూసింది, పిల్ల ఏడవకపోయినా.

ఆ ఒక్కసారి కూర్మనాథ్ తన అసలు ఎత్తుకు వచ్చాడు. "అది తీసేస్తే ఇంకేం లేదండీ. కావాలంటే డ్రోన్ షాటు తీసేయండి."

సముద్రం మీద ఎగిరే ఆ డ్రోన్ షాటును నాలుగు రోజులు గాలి తగ్గడం కోసం కాచుకుని తీశారు. క్షణంలో పోయింది. లోకనాథం గారు, "మార్పులు చేసి నా ఫోన్‌కి పంపండి, చూసి ఊ అంటే అప్పుడు పంపుదురు గాని" అని భోజనానికి వెళ్లిపోయాడు.

రెండింటికల్లా నా మీద బంగారం రాలింది. జీడిపిక్క తిరిగింది. గుడి తిరునాళ్లలో రంగులరాట్నానికి కట్టేసినట్టుంది నాకు. టీవీ మీద మాత్రం ధగధగలాడాను, ఎందుకంటే అప్పటికింకా నా బరువు జీబీల్లోనే ఉంది. తర్వాత నీలవేణి నన్ను యాభై ఎంబీలకు నొక్కింది.

నొక్కడం అంటే ఏమిటో నాకన్నా బాగా ఎవరూ చెప్పలేరు, నొప్పి నాది కనుక. నాలో సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు. అన్నీ పూర్తిగా మోయడం కుదరదు. అందుకని కంప్యూటర్ ముందు బొమ్మకూ ఈ బొమ్మకూ ఏం మారిందో అదే రాసుకుంటుంది. మారనిదాన్ని అలాగే వదిలేస్తుంది. ఉన్న యాభై ఎంబీల సంచీని, ఎక్కువ కదిలేదానికి ఎక్కువ, తక్కువ కదిలేదానికి తక్కువగా పంచుతుంది. బంగారు రజను ఒక్కో రవ్వా ఒక్కో క్షణం ఒక్కోచోట మెరుస్తుంది. దాన్ని రాయడానికే సగం సంచీ ఖాళీ. తిరిగే జీడిపిక్క ఇంకొంత. ఇక చీకట్లో కదలకుండా కూర్చున్న మనిషికి ఏం మిగులుతుంది? మెరిసేవాడికి, తిరిగేవాడికి వడ్డించి, మూల కూర్చున్నవాళ్లకు గిన్నె గోకి పెట్టడం కంప్యూటర్ ఎవరి దగ్గర నేర్చుకుందో నేను చెప్పక్కర్లేదు.

నొక్కడం అయ్యాక నీలవేణి నన్ను తన ఫోన్లో వేసుకుని చూసింది. పేర్ల మీద బంగారం మురికి ఇసుకలా ఉంది. తొమ్మిది సెకన్లు వచ్చాయి. దీపం ఉంది. దీపం పక్కన ముఖం ఉండాల్సిన చోట గళ్లు గళ్లుగా, గచ్చు పెచ్చులూడినట్టు నల్లటి మచ్చలున్నాయి. కళ్లు లేవు. చూపు లేదు.

"మాస్టారూ, అమ్మ మొకం పోనాది" అంది నీలవేణి.

కూర్మనాథ్ హైదరాబాదులో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాడు. అతను సినిమా కోర్సు చదివినవాడు. అంకెలు చెప్పాడు, ఇంకా అంకెలు చెప్పాడు. మాస్టారు అవన్నీ ఒక పెళ్లి శుభలేఖ వెనక రాసుకున్నాడు. నీలవేణి ఆ అంకెల్ని చూసి పక్కన పెట్టింది.

"మనకి పెళ్లిళ్లలో ఇలగే అవుద్ది మాస్టారూ. తలంబ్రాలు పోసుకునేటప్పుడు చూడండి, ఆ బియ్యం రాలుతున్నంతసేపూ పెళ్లికూతురి మొకం గళ్లుగళ్లుగా అయిపోద్ది. బియ్యం ఆగితే మళ్లీ బాగవుద్ది. ఆ రాలేదే తినేస్తంది. ఆ బంగారం తీసీసి, జీడిపిక్కని తిరక్కుండా ఆపితే అమ్మకి మిగుల్తాది."

"నీకు తెలీదులే నీలవేణీ, ఇది కోడెక్ సమస్య" అన్నాడు మాస్టారు. వీడియోను నొక్కే పద్ధతికి పేరైన ఆ మాట అతను పావుగంట క్రితమే నేర్చుకున్నాడు.

ఆ పిల్ల లేచి వెళ్లి మోక్షిత నుదురు ముట్టుకుంది. చల్లగానే ఉంది. చదువు ఆగిపోయినవాళ్లకు ఇదొక రోగం. కళ్లతో చూసినదాన్ని కూడా, అవతలివాడు ఒక ఇంగ్లీషు మాట అనగానే అబద్ధమేమో అనుకుంటారు.

టైము మూడైంది. బంగారు వానతో ఉన్న నన్ను నీలవేణి మాస్టారి ఫోన్‌కు పంపుతూ ఒక జాగ్రత్త చెప్పింది. "లోకనాథం బాబుకి పంపేటప్పుడు వీడియో లాగ పంపకండి, డాక్యుమెంటు లాగ పంపండి. వీడియో లాగ పంపితే దారిలో ఫోనే మళ్లీ నలిపేస్తాది." మాస్టారు తల ఊపాడు. వీడియోలాగే పంపాడు. నలభై తొమ్మిది ఎంబీల నేను ఏడు ఎంబీలై పలాస చేరాను.

పావుగంటలో ఫోన్. స్పీకర్ పెట్టాడు మాస్టారు.

"ఏటండీ ఇది! మా నాన్నగారి పేరు చదవడానికి నేదు. నా పేరైతే నీళ్లలో పడ్డ రసీదులాగ ఉన్నాది. ఇందుకేనా నాను పెట్టుబడి పెట్టింది?"

మాస్టారు, "అదీ, కోడెక్ అండీ" అని మొదలుపెట్టాడు. నీలవేణి కుర్చీలోంచి లేచింది. ఆమె పెద్దవాళ్ల ఫోన్లో అడగకుండా మాట్లాడ్డం నేను అదే మొదటిసారి వినడం.

"బాబూ, నాను నీలవేణిని. ఆ రాలే బంగారం వల్లే మీ పేరు మసకబారిపోనాదండి. నల్ల తెర మీద తెల్లగా, పెద్ద అక్షరాలు పెడితే అద్దంలాగ కనపడతాది. బంగారం తీసీమంటారా?"

అది అబద్ధం కాదు. అలాగని మొత్తం నిజమూ కాదు, మాస్టారు చేసిన ఘనకార్యం గురించి ఆ పిల్ల ఏమీ అనలేదు. కొన్నాళ్లు మనుషుల మధ్య మసిలితే ఎవరికైనా అబ్బే విద్యే అది.

బంగారమా, పేరా? ఆయన జీవితంలో అంత కష్టమైన ప్రశ్న ఎదురై ఉండదు.

"పేరు కనపడతాది గదా?"

"చిన్నపిల్లలు కూడా చదివేస్తారు బాబూ."

"అయితే తీసీ. జీడిపిక్క ఉంచు."

"ఉంచుతాను గానీ, తిరక్కుండా ఉంచుతానండి. తిరిగితే అదీ మీ పేరునే తింటాది."

"తిరక్కపోతే జీడిపిక్కని ఎలా తెలుస్తాదే? జనం కిడ్నీ అనుకుంటారు."

"కింద రాసీస్తాను బాబూ, జీడిపప్పు అని."

ఒప్పుకున్నాడు. తవిటమ్మ ముఖం కోసం కాదు సుమా, తన పేరు కోసం. ఈ లోకంలో మంచి పనులు ఇలాగే జరుగుతాయని నాకు ఆరోజే అర్థమైంది. ఇంకో రకంగా జరగడం ఇప్పటిదాకా నేను చూడలేదు.

నీలవేణి బంగారం ఊడ్చేసింది. నల్ల తెర మీద తెల్ల పేర్లు. అవి కదలవు, మెరవవు, సంచీలో చోటే అడగవు. జీడిపిక్క ఒక మూల బుద్ధిగా కూర్చుంది. మిగిలినదంతా ఉప్పుకూ, ఎండకూ, చీకటికీ దక్కింది. అయిదుంపావుకు మళ్లీ నొక్కింది. అయిదూ ముప్పై అయిదుకు ఫోన్లో వేసుకుని చూసింది. తొమ్మిది సెకన్లు వచ్చాయి. దీపం, మడమ, ఆముదం చెయ్యి. తల ఎత్తింది తవిటమ్మ. కళ్లున్నాయి. కింద ముడతలున్నాయి. నుదుటి మీద బొట్టు లేని చోటు కూడా స్పష్టంగా ఉంది.

నీలవేణి ఏడవలేదు. ముక్కు ఒకసారి ఎగబీల్చి, మాస్టారి ఫోన్‌కు నన్ను డాక్యుమెంటులాగా పంపింది. పోటీవాళ్ల దగ్గర పేరు నమోదైంది అతని ఫోన్లోనే, అక్కడి నుంచే ఎక్కించాలి. మాస్టారు ముందు నన్ను లోకనాథం గారికి పంపాడు. ఎలా పంపాడో మీరు ఊహించుకోగలరు. ఈసారి నల్ల తెర మీద పేర్లు కాబట్టి ఏడు ఎంబీల్లో కూడా చక్కగా కనబడ్డాయి. "ఊ" అని జవాబొచ్చింది. అయిదూ నలభై ఎనిమిది.

మాస్టారు గ్యాలరీ తెరిచాడు. అన్నిటికన్నా పైన ఉన్నదాన్ని నొక్కాడు. ఎక్కించడం మొదలైంది. "బాణంలా వెళ్తోంది!" అన్నాడు సంబరంగా.

నీలవేణి ఉయ్యాల దగ్గర పిల్లను ఎత్తుకుని ఉంది. మోక్షిత లేచి పాలకు రాగం తీస్తోంది. ఆ కొట్లో నెట్టు బాణంలా వెళ్లడమేమిటని ఆమెకు అనుమానం వచ్చింది. "మాస్టారూ, సైజు ఎంత చూపిస్తంది?"

"ఏదో ఏడు ఎంబీలట. నువ్వు భలే నొక్కావు."

"ఓలమ్మో, ఆపండి! ఆపండి! అది మీరు లోకనాథం బాబుకి పంపినప్పుడు నలిగిపోయిన ముక్క. గ్యాలరీలో అదే పడుంటాది. నాను పంపింది డాక్యుమెంట్లలో ఉంటాది!"

మాస్టారి ముఖం ఎర్రబడింది. పదేళ్లు బెత్తం పట్టినవాడికి పిల్లను ఎత్తుకున్న ఆడది తప్పు చూపిస్తే ఎలా ఉంటుందో పాపం. "ఎక్కేస్తోంది కదా, ఉండనీ. ఇంకా పది నిమిషాలే ఉంది. ఇప్పుడు ఆపితే రెండూ పోతాయి."

నీలవేణి పిల్లను మళ్లీ ఉయ్యాల్లో వేసి, వచ్చి, అతని చేతిలో ఫోన్ లాక్కుంది. నిజంగానే లాక్కుంది. ఆపేసింది. డాక్యుమెంట్లలో నన్ను వెతికి పట్టుకుని, నలభై తొమ్మిది అని చూసుకుని, ఎక్కించింది.

గీత నెమ్మదిగా పాకింది. ఇరవై శాతం. ముప్పై ఒకటి. ఉయ్యాల్లో మోక్షిత గుక్కపెట్టింది. ఒక్క తుమ్ముకు పరిగెత్తే ఆ తల్లి కదలలేదు. ఒక చేతిలో ఫోన్, రెండో చెయ్యి కిటికీ ఊచ మీద, సిగ్నల్ కోసం బస్టాండు వైపు వంగి నిలబడింది. "వస్తన్నానే అమ్మా, వస్తన్నాను, ఇదిగో" అంటూనే ఉంది, వెళ్లలేదు. మాస్టారు వెళ్లి ఉయ్యాల ఊపాడు. అతనికి ఊపడం కూడా రాదు. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. ఎనభై. తొంభై. అయిదూ యాభై ఎనిమిదికి పచ్చటి టిక్కు పడింది.

ఆమె ఫోన్ బల్ల మీద పడేసి పిల్లను ఎత్తుకుంది. నుదురు ముట్టుకుంది. ఏడ్చి ఏడ్చి ఈసారి నిజంగానే కాస్త వెచ్చగా ఉంది.

మూడు వారాల తర్వాత పదిలో నేనొకదాన్నని కబురొచ్చింది. బీరువా తాళం తెరుచుకుంది. ఎంచుకున్నవాళ్లు రాసిన ఉత్తరంలో రెండే వాక్యాలు. ఒకటి అభినందన. రెండోది, "దీపం దగ్గర కూర్చున్న ఆ తల్లి చూపును మేం మరిచిపోలేకపోయాం." లోకనాథం గారు పలాసలో శాలువా కప్పించుకుని, పేర్లు స్పష్టంగా ఉండబట్టే ఎంపిక చేశారని ఉపన్యాసం చెప్పాడు. కూర్మనాథ్ హైదరాబాదు హాల్లో మైకు పట్టుకుని, నీడల్ని కాపాడుకోవడం తన సిద్ధాంతమన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాలో మొత్తం పద్దెనిమిది పేర్లున్నాయి. లోకనాథం గారి బావమరిది పేరుంది. నీలవేణి పేరు లేదు, తవిటమ్మ పేరు లేదు. ఆ పద్దెనిమిదీ టైపు చేసింది నీలవేణే. తన పేరు పెట్టుకోవాలని ఆ పిల్లకు తోచనైనా తోచలేదు. కోయడం తప్ప కలపడం ఎవరు నేర్పారు గనక?

నా పద్నాలుగు జీబీల అసలు ఒంటిని ఆ వారమే చెరిపేశారు. మెళియాపుట్టి వాళ్ల పెళ్లికి చోటు కావలసివచ్చింది. నాకేం బాధ లేదు. నేనిప్పుడు నీలవేణి ఫోన్లో ఉంటున్నాను. ఒక పక్క మోక్షిత టీకాల కార్డు ఫొటో, ఇంకో పక్క రేషన్ కార్డు. మూల ఒకటి, బంగారం రాలే నా జంట కూడా ఉండేది. చెరపడం మరిచిపోయింది.

ఒక ఆదివారం నీలవేణి పిల్లను చంకనేసుకుని బస్సెక్కి నౌపడా వెళ్లింది. మిట్ట మధ్యాహ్నం. ఉప్పు కుప్పల మీద ఎండ పడి కళ్లు తెరవనివ్వడం లేదు. తవిటమ్మ పని ఆపి, చేతులు చీరకు తుడుచుకుని వచ్చింది. గట్టు మీద కూర్చున్నారు. నీలవేణి నన్ను ఆడించింది.

"ఏటీ కనపడ్నేదే" అంది తవిటమ్మ.

"ఉండమ్మా, వస్తాది. ఇదిగో, ఇప్పుడు నువ్వే."

"ఔనే, కనపడతన్నాను. తలకి గుడ్డ కట్టుకుని ఉన్నాను."

సినిమాలో ఆవిడ తలకు గుడ్డ లేదు. అది గుడ్డ కట్టుకున్న ఇప్పటి తవిటమ్మ. నా చీకటి తెర ఆ ఎండలో అద్దమైపోయింది. రెండుసార్లు నొక్కి, బంగారం ఊడ్చి, ఫోన్ లాక్కుని కాపాడిన ముఖాన్ని, గీతలు పడ్డ ఆ గాజు ముక్క ఊరికే చూపించేసింది. నా మీద నాకే చెడ్డ నవ్వొచ్చింది.

నీలవేణి కొంగు తీసి తల్లి తల మీంచి, తన తల మీంచి, మధ్యలో పిల్ల మీంచి కప్పేసింది. లోపల చీకటైంది. చెమట వాసన, పాల వాసన. మూడు తలలు నా మీదకు వంగాయి. మళ్లీ ఆడాను. దీపం. మడమ. తవిటమ్మ తల ఎత్తి తవిటమ్మనే చూసింది.

ఆవిడ అంది, "ఓసి, అయిపోనాదా బాబూ అని అడిగినాను గదే అప్పుడు. ఆ మాటేదీ?"

"కోసీసారమ్మా."

"ఎవులే?"

"నానే. మాస్టారు కోయమన్నారు."

తవిటమ్మ నా వైపే చూస్తూ ఉంది. చివరికి ఒక వేలు చీరకు ఒకసారి తుడుచుకుని, గాజు మీద తన ముఖాన్ని ముట్టుకుంది.

"పోన్లే. మాటే గదా కోసినావు. నన్ను కోయనేదు."

కొంగు కింద మోక్షిత రెండు చేతులూ చాపి చటుక్కున కొట్టింది. ఎడమ చెయ్యి గాజులోని ముఖం మీద, కుడి చెయ్యి పక్కనున్న అమ్మమ్మ ముఖం మీద. రెండూ ఒకటేనని ఆ పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఉండమ్మా, ముగ్గురికీ ఒక ఫొటో తీస్తాను. నువ్వు మధ్యన కూర్చో" అంది నీలవేణి కొంగు తొలగిస్తూ.

"నాను మధ్యనేటే, అంచున ఉంటాన్లే."

"మధ్యన కూర్చోమన్నానా?"

కూర్చుంది. నీలవేణి ఫోన్ ఎత్తింది. చోటు లేదు, ఏదో ఒకటి చెరపమంది ఫోన్. వేలు నా మీద ఆగింది. రెండు ట్రైలర్లు, ఒకేలా కనిపించే రెండు చిన్న బొమ్మలు. నాకు భయం వేయలేదంటే అబద్ధం. తర్వాత వేలు పక్కకు జరిగింది. బంగారం, తిరిగే జీడిపిక్క, లోకనాథం గారి నాన్నగారి ఆశీస్సులు, అన్నీ ఒక్కసారే పోయాయి.

ఆ ఖాళీలో ఇప్పుడు ఆ ఫొటో ఉంటోంది. ఎండకు ముగ్గురూ కళ్లు చికిలించుకున్నారు, ఒకళ్లూ బాగా పడలేదు. మధ్యలో ఉన్నావిడ మాత్రం ఇంకా ఏదో అడగబోతున్నట్టే ఉంది.